కిసాబురో గేర్ ఆయిల్ మార్చిన శనివారం

కొండమీది నమెజావా ఊళ్లో ఉన్నవి పద్నాలుగిళ్లు. పద్నాలుగిళ్లకూ కలిపి ఒకే స్నానశాల, ఆ స్నానశాలకు కాపరి కిసాబురో. పొద్దున్నే తొట్లు కడగడం, మధ్యాహ్నం బాయిలర్ వెలిగించడం, వారానికి రెండుసార్లు కింద పట్నానికి వెళ్లి చిన్న ట్రక్కులో కిరసనాయిలు తేవడం అతని పని. అరవై ఏడేళ్లు వచ్చినా ఆ పని ఇంకొకరికి అప్పగించే ఉద్దేశం అతనికి లేదు. తీసుకునే ఉద్దేశం ఇంకొకరికీ లేదు.

మూడేళ్ల కిందటి దాకా బాయిలర్‌తో పనే ఉండేది కాదు. కొండ కింది నుంచి గంధకం వాసన కొడుతూ, పొగలు కక్కుతూ ఊట నీళ్లు నేరుగా తొట్టిలోకి వచ్చేవి. అందులో మునిగి లేస్తే ఒళ్లు నున్నగా జారిపోయేది. ఆ నునుపు చూసుకుని నమెజావా ఆడవాళ్లు పక్క ఊళ్లవాళ్ల ముందు అవసరానికి మించి చేతులు తిప్పి మాట్లాడేవారు. అంతలో ఒక భూకంపం వచ్చింది. ఇళ్లకేమీ కాలేదు. కానీ మర్నాటి నుంచి ఊట చల్లబడిపోయింది, వాసన పోయింది, నునుపు పోయింది. మామూలు నీళ్లు మిగిలాయి.

సరే, బాయిలర్ పెట్టి కాచారు. "కాచిన నీళ్లయితే మా ఇంట్లోనూ ఉన్నాయి కదా" అంటూ జనం ఒక్కొక్కరే రావడం మానేశారు. ఎవరింటి తొట్టిలో వాళ్లు మునిగి, ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు. చివరికి వాన వచ్చినా, మంచు పడినా రోజూ వచ్చేది తొంభై ఒక్కేళ్ల మత్సునో మామ్మ ఒక్కతే. ఆవిడ ఒకప్పుడు ఈ స్నానశాలలోనే నలభై ఏళ్లు పనిచేసింది. ఒక్క మనిషి కోసం అంత కిరసనాయిలు తగలెయ్యడం ఏమిటని ఊరి సంఘం పెద్ద షిగెమత్సు లేచాడు. ఆదివారం సమావేశంలో స్నానశాల ఉంచడమా, మూసెయ్యడమా తేల్చెయ్యాలన్నాడు.

సరిగ్గా అప్పుడే ట్రక్కు మొండికేసింది. రెండో గేరు వెయ్యబోతే గర్రుమని అరిచి వెనక్కి తన్నేది. పోయిన మంగళవారం కిరసనాయిలు డబ్బాలతో ఎత్తు ఎక్కుతుంటే సగంలో ఆగిపోయింది. ఆ వారం రెండు రోజులు స్నానశాల తెరవలేదు. "చూశారా, తెరవకపోయినా ఊళ్లో ఎవరి ఒంటికీ మురికి పట్టలేదు" అని షిగెమత్సు పద్నాలుగిళ్ల వరండాల్లోనూ చెప్పుకొచ్చాడు. ఆ మాట కిసాబురోకి కాలికి ముల్లు దిగినట్టు దిగింది. ఆదివారం నాటికి బండి నిక్షేపంగా నడవాలి, కిరసనాయిలు టైముకి రావాలి, అప్పుడుగానీ తాను సమావేశంలో నోరెత్తలేడు.

పట్నంలో మెకానిక్కుకి ఫోన్ చేస్తే, ఊళ్లన్నీ మంచు టైర్లు తీయించి మామూలు టైర్లు వేయించుకునే రోజులు కాబట్టి పదిహేను రోజుల దాకా కుదరదన్నాడు. గేర్ బాక్స్‌లో ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగాడు. కిసాబురో బాగా ఆలోచించాడు. మార్చినట్టు గుర్తులేదు. మార్చాలని కూడా ఎవరూ చెప్పలేదు.

"అయితే నేనే మారుస్తా" అన్నాడు పెళ్లాం తొమియెతో, శనివారం పొద్దున్న.

"పోయినేడాది కుళాయి బాగుచేస్తానని కూర్చుని వంటింట్లో చెరువు పెట్టావు. ఇప్పుడు ట్రక్కు కడుపు కోస్తావా?"

"కోసేదేముందే! పాత నూనె దింపి కొత్త నూనె పొయ్యడమే. నువ్వు మూకుడుకి రోజూ చేసే పనే."

"నా మూకుడు కింద నేనెప్పుడూ వెల్లకిలా పడుకోలేదు" అంది తొమియె.

కానీ కిసాబురో ఈసారి కుళాయి నాటి మనిషి కాదు. బండితో వచ్చిన పుస్తకం రెండుసార్లు చదివాడు. లీటరు గేర్ ఆయిల్ సీసాలు రెండు తెచ్చాడు. సరిగ్గా రెండు లీటర్లు పడుతుందని పుస్తకంలో ఉంది. కొత్త వాషర్లు కూడా కొన్నాడు. పాత నూనె వేడెక్కి తేలిగ్గా దిగాలని ట్రక్కును ఊరి చివరి దాకా తిప్పి తెచ్చి, ఇంటి వెనక జాకీతో లేపి, నాలుగు పక్కలా స్టాండ్లు పెట్టి సమంగా నిలబెట్టాడు. పద్ధతంటే పద్ధతే.

మొదటి చిక్కు కొత్త నూనెతో వచ్చింది. ఒక సీసా మూత తీసి గరాటులోకి వంచి చూస్తే, గడ్డకట్టిన ఆముదంలా అలాగే వేలాడింది గాని కిందికి రాలేదు. ఏప్రిల్ వచ్చినా కొండమీద చలి పోలేదు మరి. నమెజావాలో దేన్నైనా వెచ్చబెట్టాలంటే ఎవరూ పొయ్యి జోలికి పోరు. స్నానశాల వెనక, వేడినీళ్లు గొట్టంలోంచి పడి అక్కణ్నుంచి రెండు తొట్లలోకీ పారే చిన్న చెక్కపెట్టె ఒకటుంది. తాతల నాటి నుంచీ గుడ్లు ఉడకేసినా, సాకే అనే బియ్యపు సారా బుడ్డి వెచ్చబెట్టినా, చంటిపిల్లల పాలు కాచినా అందులోనే. ఊట పోయి బాయిలర్ వచ్చినా ఆ అలవాటు మాత్రం పోలేదు. మధ్యాహ్నం బాయిలర్ వెలిగించి నీళ్లు కాగాక, కిసాబురో చేతులు అతన్ని అడక్కుండానే రెండు సీసాలూ ఆ పెట్టెలో నిలబెట్టి వచ్చేశాయి.

ఇక్కడ జరిగింది చెప్పుకోవాలి. తెరిచిన సీసా మూత అతను సగమే తిప్పాడు. నీళ్ల తోపుకి ఆ సీసా పక్కకు వాలింది. వెచ్చబడి పలచబడ్డ నూనె, మూత సందులోంచి బొట్టు బొట్టుగా కారడం మొదలుపెట్టింది. కిసాబురో అప్పటికే ట్రక్కు కింద ఉన్నాడు.

కింద అసలు యుద్ధం జరుగుతోంది. గేర్ బాక్స్‌కి రెండు బోల్టులుంటాయి. పక్కనున్నది నూనె పోసే బోల్టు, కిందున్నది దింపే బోల్టు. ముందు పోసే బోల్టు ఊడుతుందని తేలాకే దింపే బోల్టు మీద చెయ్యి వెయ్యాలి. లేకపోతే ఉన్న నూనె పోయి, కొత్తది పొయ్యడానికి దారి లేక బండి అక్కడే కూర్చుంటుంది. ఈ సంగతి తెలిసినందుకు కిసాబురో తనలో తాను చాలా గర్వపడ్డాడు. ఆ గర్వం చూసో ఏమో, పోసే బోల్టు గంటసేపు కదల్లేదు. తుప్పు వదిలే మందు కొట్టాడు, సుత్తితో తట్టాడు, బతిమాలాడు, బూతులు తిట్టాడు. చివరికి పానా పిడికి బారెడు ఇనుప గొట్టం తొడిగి, రెండు కాళ్లూ చక్రానికి తన్ని లాగితే ఠక్కుమంది. బోల్టు విరిగిందో, నడుము విరిగిందో తెలియక కొంతసేపు అలాగే పడుకున్నాడు. అదృష్టం, రెండూ విరగలేదు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. కింది బోల్టు తియ్యగానే నల్లటి నూనె పళ్లెంలోకి దిగింది. బోల్టు కొసనున్న అయస్కాంతానికి మెత్తటి ఇనుప రజను బొచ్చులా పట్టి ఉంది. ఇన్నేళ్లూ గేరు పళ్లు అరిగి రాల్చిన రజను. అది తుడుస్తుంటే కిసాబురోకి బండి మీద జాలేసింది. పాపం, మంగళవారం అది అరిచిన అరుపులో ఎంత బాధుందో అనుకున్నాడు.

సీసాలు తెచ్చాడు. ఇప్పుడు నూనె రబ్బరు గొట్టంలోంచి హాయిగా జారింది. పోసే బోల్టు కన్నంలోంచి నూనె బయటికి తొణికితే నిండినట్టు లెక్క. మొదటి సీసా అయిపోయింది. రెండోదీ అయిపోయింది. నూనె తొణకలేదు. కన్నంలో చిటికెన వేలు పెట్టి చూశాడు. వేలికి తడి తగల్లేదు. కింది బోల్టు చూశాడు, బిగువుగానే ఉంది. నేల చూశాడు, పొడిగా ఉంది. సీసాలు దగ్గరికి తీసుకున్నాడు. ఒకదాని మెడ చుట్టూ, మూత బిగియని చోట, జిడ్డు చార ఉంది. సుమారు ఒక పెద్ద గ్లాసుడు నూనె లెక్కకు రావడం లేదు.

ఎక్కడికి పోయిందా అని అతను ఆలోచన మొదలుపెట్టే లోపే స్నానశాల వైపు నుంచి కేక వినిపించింది.

"కిసాబురో అన్నా! ఓ కిసాబురో అన్నా! వచ్చేసిందన్నా! ఊట తిరిగొచ్చేసింది!"

కేక వేసింది కనాయె. ఇంట్లో హీటరు పాడై గతిలేక ఆ రోజు స్నానానికి వచ్చిన మనిషి. తడి జుట్టు, భుజాన తువ్వాలు, ఒక కాలికే చెప్పు. "వాసన చూడన్నా! నా చెయ్యి చూడు, ఎలా జారుతోందో!" అని ట్రక్కు కిందికి చెయ్యి జాపింది.

కిసాబురో ముక్కు దగ్గరికి వచ్చిన ఆ చేతికి గంధకం వాసన బాగానే ఉంది. తన చేతులకీ, తన చొక్కాకీ, ట్రక్కు కింది నేలకీ అదే వాసన. గేర్ ఆయిల్‌కి ఉండే వాసనే అది. లేవబోయి ట్రక్కు అడుగుకి నుదురు కొట్టుకున్నాడు.

"నువ్వు కూడా తట్టుకోలేకపోయావు కదన్నా" అంది కనాయె కళ్లు తుడుచుకుంటూ, ఒంటి చెప్పుతోనే ఊళ్లోకి పరిగెత్తింది.

సాయంత్రం నాలుగయ్యేసరికి ఊరు ఊరంతా స్నానశాలలో ఉంది. మూడేళ్లుగా మొహం చాటేసిన వాళ్లందరూ తువ్వాళ్లు, సబ్బులు, చెక్క చెంబులు పట్టుకుని వచ్చారు. మగవాళ్ల తొట్టి నిండి మెట్ల మీద కూడా కూర్చున్నారు. నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల్లో సన్నటి పొర తేలుతుంటే, "అదిగో, ఊట పువ్వు! మా నాన్న ఉండగా ఇలాగే తేలేది" అన్నాడు ఒకాయన. ఇంకొకాయన మోకాలు నొప్పి సగం పోయిందన్నాడు. రెండో మోకాలి మాటేమిటని అడిగితే, ఆ కాలు ఇంకా నీళ్లలో పెట్టలేదన్నాడు. షిగెమత్సు కూడా వచ్చాడు. మెడ దాకా మునిగి కళ్లు మూసుకున్నాడు. లేచాక జారి, మళ్లీ తొట్టిలోనే పడ్డాడు.

"ఇదీ నునుపంటే!" అన్నాడు తేలి.

ఇంతకీ ఊట తిరిగొచ్చినట్టా, కాదా? తేల్చవలసింది మత్సునో మామ్మే. ఆడవాళ్లు ఆవిణ్ని నెమ్మదిగా తొట్టిలోకి దింపి చుట్టూ చేరారు.

"మామ్మా, అదే వాసనేనా? నువ్వు చెప్పాలి."

మామ్మ కళ్లు మూసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది. వదిలింది. మళ్లీ పీల్చింది.

"అదే" అంది.

గోడ ఇవతల మగవాళ్లకి వినిపించేలా ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

తొమియె ఇంటికి వచ్చేసరికి బుగ్గలు మెరిసిపోతున్నాయి. "ఏమయ్యా, చూడు, ఇరవై ఏళ్లు తగ్గలేదూ?" అంది. కిసాబురో ఖాళీ సీసా తెచ్చి ఆవిడ ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాడు. ఆవిడ సీసా వాసన చూసింది, చేతి వాసన చూసుకుంది, వెళ్లి మొహం మూడుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చింది.

"రేపు ఓటు అయ్యే దాకా నువ్వు నోరు విప్పావంటే ఊరుకోను" అంది.

"అందరినీ మోసం చేసినట్టు కాదుటే?"

"ఎవరు చేశారు మోసం? నువ్వేమన్నా ఊట వచ్చిందన్నావా? వాళ్లే అన్నారు. రేపు చేతులెత్తించుకుని, ఎల్లుండి తొట్లు కడిగెయ్. ఊట మళ్లీ పోయిందంటే పోయింది. అదేమన్నా మన మాట వింటుందా?"

కిసాబురోకి ఆ మాట నచ్చింది. నచ్చినందుకు సిగ్గూ వేసింది. ఆ స్నానశాల లేకపోతే అతనికి పొద్దున లేవడానికి కారణం లేదు. అది నిజం. రాత్రంతా ఆ నిజాన్నే పట్టుకుని, నోరు మూసుకుందామనే తీర్మానించుకున్నాడు.

ఆదివారం సమావేశ మందిరంలో పద్నాలుగిళ్లవాళ్లూ చాపల మీద వరసగా కూర్చున్నారు. షిగెమత్సు లేచి, తాను మూసెయ్యాలన్న మాట నిజమేగాని, ఊటే తన తప్పు తనకి చూపించిందని చెప్పి దణ్ణం పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఆయన కనాయె వైపు చెయ్యి ఊపాడు. కనాయె పెద్ద కెటిల్, పళ్లెం నిండా చిన్న గిన్నెలు తెచ్చింది.

"పూర్వం మన పెద్దలు పొద్దున్నే ఊట నీళ్లు ఒక గిన్నెడు తాగి గాని పనిలోకి దిగేవాళ్లు కాదు" అన్నాడు షిగెమత్సు. "నిన్న సాయంత్రం నేనే స్వయంగా ఆ చెక్కపెట్టెలోంచి పట్టుంచాను. మూడేళ్ల తర్వాత! తాగుదాం, తాగి చేతులెత్తుదాం. ముందు మత్సునో మామ్మకివ్వండి."

గిన్నె మామ్మ చేతిలోకి వెళ్లింది. మామ్మ రెండు చేతులతో పట్టుకుని పెదవుల దాకా తెచ్చింది. తొమియె కిసాబురో తొడ మీద గట్టిగా గిల్లింది. ఆ గిల్లు నోరు ముయ్యమనో, తెరవమనో ఆవిడకే తెలియదు.

"తాగకు మామ్మా!" కిసాబురో చాపల మీదుగా దూకి గిన్నె లాక్కున్నాడు. నీళ్లు షిగెమత్సు ఒళ్లో పడ్డాయి. "తాగకండి, ఎవరూ తాగకండి! అది ఊట కాదు. అది ట్రక్కు నూనె!"

తర్వాత అంతా చెప్పేశాడు. చలికి నూనె గడ్డకట్టడం, చెక్కపెట్టె, సగం తిప్పిన మూత, తక్కువైన గ్లాసుడు. ఎవరి కంటా పడకూడదని చొక్కా లోపల దాచుకొచ్చిన ఖాళీ సీసా తీసి ముందు పెట్టాడు. అది వరస వెంబడి చేతులు మారింది. ఒక్కొక్కరూ వాసన చూశారు, తమ చేతులు వాసన చూసుకున్నారు, పక్కవాళ్లకిచ్చారు. మోకాలు నొప్పి ఆయన మోకాలు వాసన కూడా చూసుకున్నాడు.

"నేను నిన్న తొట్టిలో చప్పరించింది దీన్నా?" అన్నాడు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

కనాయె మత్సునో మామ్మ వైపు తిరిగింది. కోపంగానే అడిగింది. "మామ్మా, మేం మోసపోయామంటే అర్థం ఉంది. నలభై ఏళ్లు ఆ ఊట దగ్గర బతికావు. నువ్వు అదే వాసనని ఎలా అన్నావు?"

"నాకు ముక్కు పనిచెయ్యక పదేళ్లయిందే" అంది మామ్మ. "చేపలు మాడిపోతున్నా తెలియదు నాకు."

"మరి ఎందుకన్నావు?"

"కాదంటే మీరంతా లేచి ఇళ్లకి పోతారుగా." మామ్మ ఖాళీ చేతుల్ని ఒళ్లో సర్దుకుంది. "మూడేళ్లుగా ఒక్కదాన్నే కూచుంటున్నా ఆ తొట్టిలో. నా వీపు నాకు అందదు. నిన్న నలుగురు రుద్దారు. మా అమ్మ పోయాక అంత బాగా ఎవరూ రుద్దలేదు నాకు. అందుకని అదేనన్నా. తప్పయితే తిట్టండి."

ఎవరూ తిట్టలేదు. కనాయె తల దించుకుని చాప అంచు పీకుతూ కూర్చుంది. కెటిల్ మూత మీంచి సన్నగా గంధకం వాసన వస్తోంది.

షిగెమత్సు తడిసిన పంట్లాంతోనే గొంతు సవరించుకున్నాడు. "సరే. పెట్టిన విషయం పెట్టినట్టే ఉంది. స్నానశాల మూసెయ్యాలన్న వాళ్లు చేతులెత్తండి."

నమెజావాలో మొదటి చెయ్యి ఎత్తడమంత కష్టమైన పని ఇంకోటి లేదు. అందరూ అందరినీ కొనకంటితో చూశారు. చెయ్యి లేవలేదు.

"ఉంచాలన్న వాళ్లు?"

మళ్లీ అందరూ అందరినీ చూశారు. కిసాబురో చెయ్యి ఎత్తబోయి, అంత చేసి ఏ మొహంతో ఎత్తాలని దించేసుకున్నాడు. తొమియె మొగుడు దించాడని తానూ దించేసింది. షిగెమత్సు పుస్తకంలో "మళ్లీ చర్చిద్దాం" అని రాసి మూసేశాడు. అందరూ చెప్పులేసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్లిపోయారు.

కిసాబురో స్నానశాలకు వెళ్లి రెండు తొట్లూ ఖాళీ చేసి, మోకాళ్ల మీద కూర్చుని సబ్బునీళ్లతో రుద్దాడు. చెక్కపెట్టెను నాలుగుసార్లు కడిగాడు. శుభ్రం చేసినా వెలిగించడానికి ఏమీ లేదని అతనికి తెలుసు. నిన్న ఊరంతా మునగడంతో కిరసనాయిలు తొట్టి అడుగంటింది. తెద్దామంటే గేర్ బాక్స్‌లో గ్లాసుడు నూనె తక్కువ, దాంతో ఎత్తు ఎక్కిస్తే ఉన్న పళ్లు కూడా పోతాయి. మరో సీసా కొనాలంటే దుకాణం ఆదివారం మూసి ఉంటుంది. ఇంక అయిపోయిందనుకున్నాడు. చీపురు పట్టుకునే కాసేపు ఏడ్చాడు. చూసేవాళ్లు లేరు కాబట్టి బాగానే ఏడ్చాడు.

మూడు గంటలకి తలుపు దగ్గర చక్రాల చప్పుడైంది. మత్సునో మామ్మ. ముందుకు తోసుకుంటూ నడిచే బండి మీద, కూరగాయలు పెట్టుకునే చోట, ఎర్ర కిరసనాయిలు డబ్బా.

"మా ఇంటి హీటరుది. ఇంకెన్నాళ్లుంటుందిలే చలి" అంది.

డబ్బాలో పావు వంతు కూడా లేదు. అది బాయిలర్‌కి ఏ మూలకీ చాలదు. ఆ మాట ఆవిడకెలా చెప్పాలా అని కిసాబురో సతమతమవుతుంటే, వెనకాలే కనాయె వచ్చింది, చేతికొక డబ్బాతో. ఆ వెనక మోకాలు నొప్పి ఆయన, కుంటుతూ, ఇంకో డబ్బా. ఆ తర్వాత ఆయన పెళ్లాం, ఆయన మోసేది చాలదని. సందు మలుపు దాకా ఎర్ర డబ్బాలే. చలికాలం మిగుల్లన్నీ, ప్రతి ఇంటి వరండా మూలనుంచీ. పొద్దున్న లేవని చేతులన్నీ ఇప్పుడు బరువుకి ఒక పక్కకి లాగుతున్నాయి. కిసాబురో గరాటు పెట్టాడు, వాళ్లు వంచారు, అంతే.

అందరికంటే చివర షిగెమత్సు వచ్చాడు. పంట్లాం మార్చుకున్నాడు గాని వాసన పోలేదు. డబ్బా మొత్తం వంచి, చివరి చుక్క దాకా దులిపి, అప్పుడు మాట్లాడాడు.

"నాది మూసెయ్యాలన్న పక్షమే. అది మారలేదు, గుర్తుంచుకో."

"గుర్తుంచుకుంటాను, పెద్దగారూ."

"నీళ్లు ఎప్పటికి కాగుతాయి?"

"ఇప్పుడు వెలిగిస్తే గంట పడుతుంది."

షిగెమత్సు ఊరివైపు చూశాడు, ఎత్తు దారి చూశాడు, చేతిలో ఖాళీ డబ్బా చూసుకున్నాడు. తర్వాత చెప్పులు విప్పి, గుమ్మం మెట్టు మీద నీళ్ల కోసం ఎదురు చూస్తున్న మిగతా వాళ్లని కొంచెం జరగమని తానూ కూర్చున్నాడు.